450 ఎస్‌ఎల్: ఒక సంవత్సరం కారు ఇంజెక్షన్ భాగాలను మరో సంవత్సరం కారుకు అమర్చుకునే విధానం

మెర్సిడెస్ బెంజ్ 107 శ్రేణి ఎస్‌ఎల్ కారు 1971లో మొదలై 1989 దాకా, పద్దెనిమిదేళ్ల పాటు, పైకి పెద్దగా మారకుండా తయారయింది. బానెట్ ఎత్తి చూస్తే మాత్రం సంగతి వేరు. ఆ కాలంలో ఇంజనుకు పెట్రోలు కొలిచి అందించే పద్ధతి, అంటే ఇంజెక్షన్, రెండుసార్లు పూర్తిగా మారింది. ఒకే పద్ధతి నడిచిన కాలంలో కూడా దానిలోని భాగాల కొలతలు సంవత్సరాన్ని బట్టి, కారును అమ్మిన దేశాన్ని బట్టి మారుతూ వచ్చాయి. హైదరాబాదులో ఈ కారు ఉన్నవారికి విడిభాగాలు కౌంటరు మీద దొరకవు. జర్మనీ నుంచో, దుబాయ్ నుంచో, ముంబైలో విప్పేసిన ఏ కారు నుంచో పార్సిల్ వస్తుంది. అమ్మినవారు "107 దే, తీసుకోండి" అంటారు. ఆ మాట అబద్ధం కాదు, కానీ అది చాలదు. ఈ శ్రేణిలోని, 4.5 లీటర్ల ఇంజనున్న ఒక 450 ఎస్‌ఎల్‌ను ఏళ్ల తరబడి నడుపుతూ, దాని ఇంజెక్షన్‌ను ఎన్నోసార్లు విప్పి బిగించిన అనుభవంతో, ఏ భాగం ఏ కారుకు పనికొస్తుందో తేల్చుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఇంజెక్షన్ భాగాలను కొలిచే సాధనాలుగా చూడాలి. క్లచ్ ప్లేటో, వాటర్ పంపో బోల్టులు సరిగా కూర్చుంటే దాదాపు పని అయిపోయినట్టే. ఇంజెక్షన్‌లో అలా కాదు. ఒక దుకాణం త్రాసులో మరో దుకాణం పడికట్టు రాళ్లు వేసినా తూకం జరుగుతుంది, ముల్లు కూడా కదులుతుంది, కానీ వచ్చే లెక్క తప్పు. ఈ ఇంజెక్షన్ భాగాలను తయారుచేసిన బాష్ కంపెనీ వారు ఒక్కొక్క ఇంజనుకు గాలిని కొలిచే భాగాన్నీ, పెట్రోలును పంచే భాగాన్నీ, వేడిని బట్టి సవరించే భాగాన్నీ ఒకదానికొకటి సరిపోయేలా రూపొందించారు. కాబట్టి భాగం మార్చే ముందు అది అమరుతుందా అని కాక, మిగతా రెండింటితో దాని లెక్క కలుస్తుందా అని చూడాలి.

మూడు పద్ధతులు, వాటి మధ్య గోడలు

మొదటిది డి-జెట్రానిక్. 350 ఎస్‌ఎల్, తొలి 450 ఎస్‌ఎల్ కార్లలో 1975 వరకు ఇదే ఉంది. ఇక్కడ ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టాల సముదాయమైన ఇన్‌టేక్ మానిఫోల్డులోని ఒత్తిడిని ఒక ప్రెషర్ సెన్సర్ కొలుస్తుంది, కంట్రోల్ యూనిట్ దాన్ని బట్టి ఎలక్ట్రిక్ ఇంజెక్టర్లను ఎంతసేపు తెరిచి ఉంచాలో నిర్ణయిస్తుంది. రెండోది కె-జెట్రానిక్, 1976 నుంచి 450లోనూ, తరువాత 380లోనూ ఇదే కొనసాగింది. ఇందులో ఇంజెక్టర్లకు కరెంటు తీగ ఉండదు; ఒత్తిడి తగినంత రాగానే అవి తెరుచుకుని ఆగకుండా పెట్రోలు చిమ్ముతాయి. లోపలికి వచ్చే గాలి ఒక గుండ్రటి పళ్లేన్ని నెడుతుంది, ఆ పళ్లెం చేయి, సిలిండర్లకు పెట్రోలును పంచే ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌లోని ప్లంజర్ అనే కడ్డీని కదుపుతుంది. మూడోది 1985 చివరలో వచ్చిన 300, 420, 500, 560 ఎస్‌ఎల్ కార్లలోని కెఇ-జెట్రానిక్. చూడటానికి కె లాగే ఉంటుంది గానీ, అందులో ఇంజను వేడిని బట్టి పెట్రోలును సవరించే వార్మప్ రెగ్యులేటర్ ఉండదు, దాని పని డిస్ట్రిబ్యూటర్ పక్కన బిగించిన ఎలక్ట్రిక్ యాక్చుయేటర్ చేస్తుంది.

ఈ మూడింటి మధ్య ఇంజెక్షన్ భాగాలను కలపకూడదు. డి పద్ధతిలో పెట్రోలు ఒత్తిడి సుమారు 2 బార్ (బార్ ఒత్తిడిని కొలిచే ప్రమాణం), కె పద్ధతిలో సుమారు 5 బార్. డి పంపును కె కారుకు పెడితే ఇంజెక్టర్లు సరిగా తెరుచుకునేంత ఒత్తిడే రాదు. కె, కెఇ డిస్ట్రిబ్యూటర్లను పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి, అయినా ఒకదాని చోట ఇంకొకటి పనిచేయదు.

మీ కారు ఏ వైపు ఉందో ఆర్‌సీ పుస్తకంలోని సంవత్సరాన్ని చూసి తేల్చుకోకండి. తయారైన ఏడు, రిజిస్టరైన ఏడు వేరు కావచ్చు. ఇంజను నంబరు చూడండి. 450 ఎస్‌ఎల్‌లో నంబరు 117.982తో మొదలైతే అది డి ఇంజను, 117.985తో మొదలైతే కె ఇంజను. ఈ రెండింటి మధ్య తేడా ఇంజెక్షన్‌తో ఆగిపోలేదు: కె ఇంజనులో వాల్వులకు హైడ్రాలిక్ సర్దుబాటు వచ్చింది, ఇగ్నిషన్ డిస్ట్రిబ్యూటర్ మారింది. డి ఇంజను డిస్ట్రిబ్యూటర్ అడుగున ఇంజెక్టర్లకు సంకేతమిచ్చే నాలుగు ట్రిగ్గర్ కాంటాక్టులుంటాయి, కె డిస్ట్రిబ్యూటర్‌లో అవి ఉండవు. అందువల్ల డి కారును కె కారుగా మార్చాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవడం మేలని నా అభిప్రాయం. అదే శ్రమను ఉన్న పద్ధతిని బాగుచేయడం మీద పెడితే కారు ఇంకా బాగా నడుస్తుంది.

డి కారు ఉన్నవారికి రెండు మాటలు

డి పద్ధతిలో తరచూ మార్చవలసి వచ్చేది ప్రెషర్ సెన్సర్. 350 సెన్సర్, 450 సెన్సర్ ఒకే డబ్బాలో ఉంటాయి, ప్లగ్గు కూడా ఒకటే, కానీ లోపలి సెట్టింగ్ వేరు. బాష్ నంబరు చివరి మూడు అంకెల దాకా కలిస్తేనే తీసుకోండి. పాత సెన్సర్ కొనేటప్పుడు చేతి వాక్యూమ్ పంపుతో 15 అంగుళాల వాక్యూమ్ పెట్టి అయిదు నిమిషాలు ఆగండి. ముల్లు జారితే లోపలి పలుచని పొర పగిలినట్టే. ఆ సెన్సర్‌తో ఇంజను విపరీతంగా పెట్రోలు తాగుతుంది. తరువాత మల్టీమీటర్‌తో దానిలోని రెండు కాయిళ్లను చూడండి, ఒకటి సుమారు 90 ఓమ్‌లు, మరొకటి సుమారు 350 ఓమ్‌లు చూపాలి. సెన్సర్ చివర సీలు వేసిన మూత వెనుక సర్దుబాటు స్క్రూలు ఉంటాయి. గాలి-పెట్రోలు నిష్పత్తిని చూపే మీటరు ఎగ్జాస్టుకు బిగించి ఉంటే తప్ప వాటి జోలికి వెళ్లవద్దు. ఇంజెక్టర్లను పరీక్షించడానికి నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి తగిలించే అలవాటు మన షెడ్లలో ఉంది. డి ఇంజెక్టర్ కాయిల్ నిరోధం రెండున్నర ఓమ్‌లు కూడా ఉండదు కాబట్టి అది మాడిపోతుంది. రెండు మామూలు టార్చి సెల్లులు చాలు, టక్కుమనే శబ్దం వినిపిస్తుంది.

కె కారులో ఏది మార్చవచ్చు

ఇకపై చెప్పేదంతా కె-జెట్రానిక్ గురించి, ఎందుకంటే సంవత్సరాల మధ్య మార్పిడిలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. పెట్రోలు ఫిల్టరు, అక్యుములేటర్ (ఇంజను ఆగాక కూడా పెట్రోలు ఒత్తిడిని నిలిపి ఉంచేది), కె పంపు వంటివి ఒక కె కారు నుంచి మరో కె కారుకు మార్చడంలో పెద్ద ఇబ్బంది లేదు. పంపు రిలే విషయంలో మాత్రం ఆగి చూడండి. తొలి రకాలలో ఇంజను ఆగగానే పంపును ఆపే పని పళ్లెం దగ్గరి కాంటాక్టు చేసేది, తరువాతి రకాలలో ఇగ్నిషన్ సంకేతాన్ని చూసి రిలేయే ఆపుతుంది. తప్పు రిలే పెడితే ప్రమాదంలో ఇంజను ఆగినా పంపు తిరుగుతూనే ఉండవచ్చు, అది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

చల్లని ఇంజనుకు అదనపు పెట్రోలు ఇచ్చే కోల్డ్ స్టార్ట్ వాల్వును నడిపే థర్మో టైమ్ స్విచ్‌ను కూడా మార్చవచ్చు, కానీ దాని షట్కోణపు తల మీద చెక్కిన అక్షరాలు చదవండి: ఎన్ని డిగ్రీలు, ఎన్ని సెకన్లు అని రాసి ఉంటుంది. 35 డిగ్రీల స్విచ్, 15 డిగ్రీల స్విచ్ ఐరోపా చలిలో రెండూ పనిచేస్తాయి. మన ఊరిలో 15 డిగ్రీల స్విచ్ ఏడాదిలో కొన్ని చలి ఉదయాల్లో తప్ప పనిచేయదు. 35 డిగ్రీలది మాత్రం వానాకాలపు ఉదయాన కూడా కోల్డ్ స్టార్ట్ వాల్వును తెరిచి ప్లగ్గులను తడిపేస్తుంది.

అసలు జాగ్రత్త పడవలసినవి మూడు: గాలి పళ్లెం తిరిగే కోన్, ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్, వార్మప్ రెగ్యులేటర్. కోన్ గోడ వాలు ఇంజను సామర్థ్యాన్ని బట్టి వేరుగా ఉంటుంది, అందువల్ల 3.5 లీటర్ల ఇంజను కోన్‌ను 4.5 ఇంజనుకు పెడితే పళ్లెం కదిలే దూరం, దానితో పాటు పెట్రోలు లెక్క, తప్పుతాయి. డిస్ట్రిబ్యూటర్ నంబరు 0 438 100తోనూ, వార్మప్ రెగ్యులేటర్ నంబరు 0 438 140తోనూ మొదలవుతాయి. మనం చూడవలసినవి ఆ తరువాతి మూడు అంకెలు. గుడ్డతో తుడిచి, టార్చి పక్క నుంచి వేసి, అంకెలను కాగితం మీద రాసుకోండి. ఫోను ఫొటోలో 3, 8 ఒకేలా కనిపించి నేనొకసారి తప్పు పార్సిల్ తెప్పించుకున్నాను.

1980లో అమెరికాకు వెళ్లిన 450లలో ఎగ్జాస్టును బట్టి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పే ఆక్సిజన్ సెన్సర్ ఉంది, దానికి తగ్గట్టు డిస్ట్రిబ్యూటర్ కింది గదుల నుంచి ఒక పైపు, ఆ సవరింపు చేసే ఫ్రీక్వెన్సీ వాల్వుకు వెళుతుంది. ఆ డిస్ట్రిబ్యూటర్‌ను మామూలు కారుకు బిగించి ఆ పైపును మూసేస్తే కింది గదుల్లో ఒత్తిడి పెరిగిపోయి ఇంజెక్టర్లకు పెట్రోలు సరిగా చేరదు. ఇంజను అంటుకోవడమే కష్టమవుతుంది. మరో మాట: రెండు పాడైన డిస్ట్రిబ్యూటర్లను కలిపి ఒక మంచిది చేద్దామని ఒకదాని ప్లంజర్‌ను ఇంకొకదానిలో వేయకండి. ప్రతి ప్లంజర్‌నూ దాని గొట్టానికే నూరి జత చేశారు.

మాకు తగిలిన దెబ్బ

వార్మప్ రెగ్యులేటర్ గురించి విడిగా చెప్పాలి. డిస్ట్రిబ్యూటర్‌లో గాలి పళ్లెం ప్లంజర్‌ను పైకి నెడుతుంటే, కంట్రోల్ ప్రెషర్ అనే ఒత్తిడి దాన్ని పై నుంచి కిందికి అదుముతుంది. రెగ్యులేటర్ నిర్ణయించేది ఆ ఒత్తిడినే. అది తగ్గితే ప్లంజర్ సులువుగా లేచి పెట్రోలు ఎక్కువ వెళుతుంది, పెరిగితే తక్కువ వెళుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తక్కువగా ఉండి, లోపలి హీటర్ వేడెక్కే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. కొన్ని రెగ్యులేటర్లకు అదనంగా వాక్యూమ్ పైపు ఉంటుంది: మానిఫోల్డులో వాక్యూమ్ ఉన్నంతసేపు ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి వాక్యూమ్ పడిపోగానే ఒత్తిడి తగ్గి పెట్రోలు పెరుగుతుంది.

మా కారు రెగ్యులేటర్ పాడైనప్పుడు, ఏ సంవత్సరం కారుదో తెలియని ఒకటి దొరికింది. దానికి మా పాతదానికి లేని ఒక సన్నని గొట్టం ఉంది. "సార్, బోల్టులు కూర్చున్నాయి, పైపులు కూర్చున్నాయి, ఇంకేం కావాలి?" అన్నారు ఉస్తాద్. ఆ గొట్టానికి రబ్బరు టోపీ పెట్టి మూసేశాం. తెల్లవారి కారు ఒక్క సెల్ఫ్‌కే అంటుకుంది, మేమిద్దరం సంతోషించాం. వారం తిరిగేసరికి పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పెట్రోలు వాసనతో కళ్లు మండటం మొదలైంది, లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా రాలేదు, ప్లగ్గులు విప్పితే పొడి మసి వేళ్లకు అంటుకుంది. గేజ్ పెట్టి చూస్తే ఇంజను పూర్తిగా వేడెక్కినా కంట్రోల్ ప్రెషర్ 2.8 బార్ దాటలేదు, మా మాన్యువల్ అడిగేది 3.5 చుట్టుపక్కల. వాక్యూమ్ అందని ఆ రెగ్యులేటర్ మేము ఎప్పుడూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉన్నామనే లెక్కలో పనిచేసింది. ఆ గొట్టాన్ని మానిఫోల్డుకు కలిపి చూశాక ఒత్తిడి కొంత పెరిగింది గానీ అంకె కలవలేదు. చివరికి సరైన నంబరుది తెప్పించాం.

గేజ్ లేకుండా పని మొదలుపెట్టవద్దు

0 నుంచి 10 బార్ల గేజ్, ఒక చిన్న వాల్వు, రెండు పెట్రోలు గొట్టాలు ఉంటే చాలు. ఇవి రాణిగంజ్ పైపు ఫిట్టింగ్ దుకాణాలలో దొరికే సామానుతోనే కూర్చుకోవచ్చు. డిస్ట్రిబ్యూటర్ నడినెత్తి నుంచి వార్మప్ రెగ్యులేటర్‌కు వెళ్లే పైపును విప్పి, వాటి మధ్య గేజ్ పెట్టండి, వాల్వు మాత్రం రెగ్యులేటర్ వైపు ఉండాలి. రిలే దగ్గర పంపుకు నేరుగా కరెంటు ఇచ్చి, వాల్వు మూసి చదివితే సిస్టమ్ ప్రెషర్, వాల్వు తెరిచి చదివితే కంట్రోల్ ప్రెషర్ తెలుస్తాయి. పాత భాగాలతో ఈ రెండు అంకెలు ముందే రాసుకోండి. కొత్త భాగం పెట్టాక పోల్చుకోవడానికి ఆ కాగితం తప్ప మీకు మరో ఆధారం ఉండదు.

చల్లని ఇంజను కంట్రోల్ ప్రెషర్‌ను మాన్యువల్ 20 డిగ్రీల దగ్గర చెబుతుంది. మే నెలలో రాత్రంతా ఆగిన కారు కూడా తెల్లవారి 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, అప్పుడు అంకె ఎక్కువగా కనిపించి మంచి రెగ్యులేటర్‌నే పాడైనదనుకుంటాం. అందుకే ఈ పరీక్షను నేను డిసెంబరు, జనవరి ఉదయాల్లో, సూర్యుడు షెడ్డు మీదికి రాకముందే చేస్తాను. తప్పనప్పుడు మాన్యువల్‌లోని గ్రాఫు మీద ఆ పూట ఉష్ణోగ్రతకు తగిన అంకెను వెతుకుతాను.

విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయండి, పౌడర్ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేంత దూరంలో పెట్టుకోండి, పైపు కింద గుడ్డ పట్టి బోల్టును నెమ్మదిగా వదులు చేసి ఒత్తిడి దించండి. రెండు వైపుల రాగి వాషర్లను ప్రతిసారీ కొత్తవి వేయాలి. కాల్చి మెత్తబరచిన పాతవాటితో నేను రాజీపడను. కె కారులోని 5 బార్ల పైపును కోసి క్లిప్పు వేసి అతకడం అసలు చేయకూడదు. ఎనిమిది పైపులకూ సిలిండర్ నంబరు చీటీలు కట్టండి: ప్రయాణ దిశలో కుడి వరుస ముందు నుంచి వెనక్కి 1 నుంచి 4, ఎడమ వరుస 5 నుంచి 8. తెరిచిన ప్రతి రంధ్రాన్నీ వెంటనే మూయండి. ప్లంజర్ చుట్టూ ఉన్న సందు మన రోడ్డు దుమ్ము రేణువు కన్నా సన్ననిది.

బిగించాక గాలి పళ్లెం చుట్టూ 0.10 మి.మీ. ఫీలర్ గేజ్ (సందును కొలిచే పలుచని రేకు) అన్ని వైపులా తిరగాలి, ఎక్కడా తగలకూడదు. వేలితో కిందికి నొక్కితే మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువు తెలియాలి, మధ్యలో గరుకు తగిలితే ప్లంజర్‌కు పాత పెట్రోలు జిగురు పట్టిందని అర్థం.

ఎనిమిది కొలజాడీలు

డిస్ట్రిబ్యూటర్ మార్చినవారు ఈ పరీక్షను వదిలేయకూడదు. ఎనిమిది ఇంజెక్టర్లను మానిఫోల్డు నుంచి ఊడదీసి, పైపులు తగిలించి ఉండగానే, ఒక్కొక్కటీ ఒక్కొక్క కొలజాడీలో ఉంచండి. పంపు నడుపుతూ పళ్లేన్ని కొద్దిగా నొక్కి, ఏదో ఒక జాడీ 50 మిల్లీలీటర్లకు చేరగానే వదలండి. జాడీలన్నీ ఒక వరుసలో పెట్టి కళ్ల ఎత్తులో చూస్తే పెట్రోలు మట్టాలు ఒక గీతలా కనిపించాలి. ఒకటి వెనకబడితే ఆ ఇంజెక్టర్‌ను పక్కదానితో మార్చి మళ్లీ చేయండి: లోపం ఇంజెక్టర్‌తో పాటు జరిగితే ఇంజెక్టర్‌ది, అక్కడే ఉండిపోతే డిస్ట్రిబ్యూటర్‌ది. చిమ్మే తీరు కూడా చూడండి. సన్నని పొగమంచులా విచ్చుకోవాలి, దారంలా కారకూడదు. ఇంజెక్టర్ తెరుచుకునే ఒత్తిడిని డీజిల్ పంపు షెడ్డులో చూపిద్దామనుకుంటే ఒక హెచ్చరిక: అక్కడి టెస్టర్ గేజ్ వందల బార్లది, మన మూడున్నర బార్ దాని మీద ముల్లు కదలికంత కూడా కాదు. చిన్న గేజ్ బిగించమని ముందే చెప్పాలి.

చివరి సెట్టింగ్: ఇక్కడి గాలికి, ఇక్కడి పెట్రోలుకు

ఈ కారును రూపొందించినప్పుడు లేని పెట్రోలును నేడు మనం పోస్తున్నాం. శుద్ధ పెట్రోలు ఒక పాలు మండటానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20కి ఆ అంకె సుమారు 13.5. అంటే అదే గాలికి దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ పెట్రోలు కావాలి, ఆక్సిజన్ సెన్సర్ లేని కె పద్ధతి ఆ తేడాను తనంతట తాను గుర్తించలేదు. మరోవైపు హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడి పలుచని గాలి వల్ల కె పద్ధతి రెండు మూడు శాతం ఎక్కువ పెట్రోలు ఇస్తుంది. రెండూ కలిపి చూస్తే, కర్మాగారం సెట్టింగ్‌తో ఉన్న కారు మన ఊరిలో కొద్దిగా పెట్రోలు తక్కువై నడుస్తుంది. సెట్టింగ్ అవసరమే, కానీ అది భాగాలన్నీ సరైనవని గేజ్ చెప్పిన తరువాత చేయవలసిన పని. తప్పు రెగ్యులేటర్‌ను స్క్రూతో సరిదిద్దితే ఐడిల్ బాగుపడి రోడ్డు మీద చెడుతుంది. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది కాబట్టి ఇంజెక్టర్ల ఓ-రింగులు, పైపులు ఇదే సందర్భంలో కొత్తవి వేయండి.

మిక్స్చర్ స్క్రూకు పొడవైన 3 మి.మీ. అలెన్ కీ కావాలి. ఇంజను పూర్తిగా వేడెక్కాక, కీని కిందికి నొక్కి గడియారం ముల్లు దిశలో తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. గడియారంలో అయిదు నిమిషాలంత కన్నా ఎక్కువ ఒకేసారి తిప్పవద్దు. తిప్పిన ప్రతిసారీ కీ బయటికి తీసి, ఒకసారి రేజ్ చేసి, ఐడిల్ నిలిచాక చదవండి. కీ లోపలే ఉంచి రేజ్ చేస్తే పళ్లెం చేయి వంగుతుంది. రీడింగు కోసం పెట్రోలు బంకు దగ్గరి పొల్యూషన్ చెకింగ్ వాహనమే సరిపోతుంది, రద్దీ లేని వేళ అడిగితే పరిశీలకులు పది నిమిషాలు ఓపిక పడతారు. పాత పెట్రోలు కార్లకు అనుమతించే కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం. మీ లక్ష్యం అది కాదు, మాన్యువల్ మీ సంవత్సరానికి చెప్పిన అంకె; అది ఇంతకన్నా తక్కువ.

రోడ్డు పరీక్షకు నేను బంజారాహిల్స్ ఎత్తు ఎక్కి, తరువాత ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట ఒకే వేగంతో నడిపి, దిగగానే ఇంజను ఆపి రెండు ప్లగ్గులు విప్పి చూస్తాను. లేత గోధుమ రంగు కావాలి. పావుగంట ఆగి మళ్లీ సెల్ఫ్ కొడతాను. ఏప్రిల్ ఎండలో ఆ రెండో స్టార్టు ఆలస్యమైతే డిస్ట్రిబ్యూటర్ జోలికి వెళ్లకుండా ముందు అక్యుములేటర్‌నూ, పెట్రోలు వెనక్కి జారకుండా ఆపే పంపు చెక్ వాల్వునూ అనుమానించండి. విప్పిన పాత భాగంలో కాస్త పల్చటి మెషీన్ ఆయిల్ పోసి, రంధ్రాలన్నీ మూసి, దాని నంబరు, రెండు ఒత్తిడి అంకెలు, తేదీ రాసిన చీటీ కట్టి, తడి తగలని డబ్బాలో దాచండి.